కమిటీ గారి ఇల్లెక్కడ?

"భాయ్, ఆ కమిటీ గారి ఇల్లెక్కడండీ? మీరు తోడు వస్తే వెళ్లి ఒక్కసారి బతిమాలుకుంటాను."

కొన్నేళ్ల క్రితం కొల్లేటి గ్రామం ఒకదాని నుంచి ఏలూరు వచ్చిన ఒక తండ్రి మమ్మల్ని అడిగిన మాట ఇది. చేపల చెరువుల మీద కూలిపని చేసుకునే మనిషి. ఆయన కుమార్తె అప్పుడు డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నది. ఆ ఏడాది నెలవంక దర్శనాన్ని బట్టి బక్రీదు ఒకనాటి నుంచి మరునాటికి మారింది. నెలవంక కనిపించిన తరువాత పండుగకు ఇంకా పదిరోజుల వ్యవధి ఉంటుందని మనకందరికీ తెలిసినదే. ప్రభుత్వం సెలవు మార్చింది. ప్రాక్టికల్ పరీక్ష తేదీ మాత్రం మారలేదు. సరిగ్గా పండుగనాడే పరీక్ష వచ్చి పడింది.

మేము నలుగురం కలిసి కళాశాలకు వెళ్లాము. మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇప్పించి, "తేదీలు మా చేతిలో లేవండీ, పైన కమిటీ నిర్ణయం" అన్నారు. పైకి వెళ్లాము. అక్కడా అంతే మర్యాద. "కమిటీ ఒకసారి తీర్మానించాక మార్చడం కుదరదు" అన్నారు. ఆ కమిటీలో ఎవరెవరున్నారు, అది ఎప్పుడు సమావేశమైంది, మినిట్స్ ఒకసారి చూడవచ్చునా అని అడిగేసరికి ఆ మర్యాద కాస్త తగ్గింది. బయటికి వచ్చి వరండాలో నిలబడ్డప్పుడు ఆ తండ్రి పై మాట అడిగాడు. కమిటీ అంటే ఒక మనిషి అనుకున్నాడాయన.

ఇంట్లో పెద్దలు పండుగనాడు ఆడపిల్లను పరీక్షకు పంపడానికి ఒప్పుకోలేదు. పంపి ఉండవలసిందని ఇప్పుడు అనడం తేలికే. మేమూ ఆనాడు ఆ సలహాయే ఇచ్చాము. కానీ ఏడాదికి రెండే పండుగలున్న ఇంట్లో, అందులో ఒకటి వదులుకోమని చెప్పే పరిస్థితి ఎందుకు రావాలి? ఆ అమ్మాయికి ఆ ఒక్క పరీక్ష మిగిలిపోయింది. దానితో ఆ ఏడాది బి.ఎడ్. చేరిక పోయింది. పెద్ద వార్త కాదు. ఏ పత్రికలోనూ రాలేదు. ఎవరూ మనపై ద్వేషంతో చేసిన పని కూడా కాదు. ఆ తేదీ వేసిన గదిలో, "ఆ రోజు బక్రీదు కదండీ" అని అనగలిగిన మనిషి ఒక్కరూ లేకపోయారు, అంతే. మా వాదమంతా ఆ ఖాళీ కుర్చీ గురించే.

నిర్ణయం ఎక్కడ జరుగుతుంది?

మేము ప్రభుత్వ కొలువులో గుమాస్తాలుగా బతికినవాళ్లము. కమిటీల ముందు కాగితాలు పరచడం, మినిట్స్ రాయడం, రాసినవి ధ్రువీకరణకు పెట్టడం మా జీవితకాలపు పని. ఆ అనుభవంతో చెబుతున్నాము: కమిటీలు సమావేశంలో నిర్ణయించేది తక్కువ. సభ్యుల పేర్లు రాసుకున్ననాడే సగం నిర్ణయం జరిగిపోతుంది. అజెండా టైపు చేసిననాడు మిగిలిన సగంలో సగం జరిగిపోతుంది. అజెండాలో లేని విషయం "అధ్యక్షుల అనుమతితో ఇతర అంశాలు" అన్న చివరి వరుసలోకి వస్తే వస్తుంది, లేకపోతే లేదు. అత్యవసరమన్న పేరుతో కాగితం ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించుకుంటే ఆ కాస్త చర్చా ఉండదు. ఆ తరువాత మేము రాసే మాట ఒక్కటే: "చర్చించి ఆమోదించడమైనది." చర్చించారా లేదా అన్నది ఆ మాటలో కనిపించదు.

విశ్వవిద్యాలయం నడిచేది ఇలాంటి కమిటీలతోనే. ఏ పాఠం చెప్పాలో తేల్చేది పాఠ్యప్రణాళికా మండలి, అనగా బోర్డ్ ఆఫ్ స్టడీస్. అధ్యాపకుణ్ణి ఎంపిక చేసేది సెలెక్షన్ కమిటీ. చదువుకు సంబంధించిన నియమాలు అకడమిక్ సెనేట్‌లో, డబ్బు, నియామకాలు, పరిపాలన పాలకమండలిలో తేలుతాయి. పిథాపురం కవి ఉమర్ ఆలీషా మన గోదావరి పిల్లల తెలుగు పాఠంలో ఉండాలా, ఏలూరు తంగెళ్లమూడి తివాచీ నేతపై ఒక పరిశోధన జరగాలా, హాస్టలు వంటగది రంజాన్ నెలలో సహరీ వేళకు తెరవాలా, ఇవన్నీ ఎక్కడో ఒక బల్ల చుట్టూ కూర్చున్న పదిమంది తేల్చే విషయాలు. మనం మాత్రం సీట్ల జాబితా వచ్చినప్పుడే మేలుకుంటాము. బీసీ-ఈ కింద మన పిల్లలకు ఎన్ని సీట్లు వచ్చాయని లెక్క చూసుకుంటాము. ఆ లెక్క అవసరమే. కానీ తరగతిగదిలో కుర్చీ దొరికితే సరిపోయిందనుకుని, సమావేశమందిరంలో కుర్చీ గురించి అడగడమే మానేశాము.

మన చుట్టూ ఉన్న గదులు

దూరం పోనక్కరలేదు. తాడేపల్లిగూడెం చుట్టుపక్కలనే చూడండి. 2006లో రాజమహేంద్రవరం కేంద్రంగా ఏర్పడిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయానికి తాడేపల్లిగూడెంలో ప్రాంగణం ఉన్నది. వెంకటరామన్నగూడెంలో 2007లో ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నది. 2015లో వచ్చిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, మనం నిట్ అంటున్నది, తాడేపల్లిగూడెంలోనే ఉన్నది. మూడు ఉన్నత విద్యాసంస్థలు ఒకే పట్టణం పరిసరాల్లో ఉన్న ప్రాంతాలు రాష్ట్రంలో ఎన్నో లేవు. ఆకివీడు, కైకలూరు, భీమడోలు, గణపవరం పిల్లలకు ఇవి బస్సు దూరంలో ఉన్నాయి. వీటి పాలకమండళ్లలో ఎవరెవరు కూర్చుంటారో మనలో ఎంతమందికి తెలుసు?

నిట్‌ల చట్టం 2007లో వచ్చింది. దాని ప్రకారం బోర్డ్ ఆఫ్ గవర్నర్స్‌లో అధ్యక్షుడు, డైరెక్టరు, కేంద్రప్రభుత్వ అధికారులు, రాష్ట్రప్రభుత్వం సూచించే సాంకేతిక నిపుణులు లేక పారిశ్రామికవేత్తలు, జాతీయ మండలి సూచించే ఇద్దరు ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ కావాలని చట్టమే చెబుతున్నది. అధ్యాపకుల తరపున సెనేట్ పంపేది ఇద్దరినే. మహిళకు స్థానం రాసిన చేయి మైనారిటీకి స్థానం రాయలేదు. మన రాష్ట్ర చట్టంలోని బీసీ-ఈ నాలుగు శాతం కేంద్ర విద్యాసంస్థలకు వర్తించదు కనుక, నిట్‌లో సీటు దగ్గరా ఆ రక్షణ లేదు, బోర్డు దగ్గరా లేదు.

రాష్ట్ర విశ్వవిద్యాలయాల సంగతి చూద్దాము. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో ఏర్పడినప్పుడు దాని సెనేట్‌లో ఎన్నికైన సభ్యులుండేవారు; పట్టభద్రులు పేరు నమోదు చేయించుకుని తమ ప్రతినిధులను ఎన్నుకునేవారు. మొదటి వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు 1930లో ప్రభుత్వ దమననీతికి నిరసనగా పదవి వదిలివేశారు. 1936లో మళ్లీ ఆ పదవిలోకి వచ్చారు. ఏలూరులో 1945లో వెలసిన సర్ సి.ఆర్.ఆర్. కళాశాల ఆయన పేరు మీదనే ఉన్నది. ప్రభుత్వానికి ఎదురు నిలిచి రాజీనామా ఇవ్వగలిగిన వైస్ చాన్సలర్ పేరును మన ఊరు రోజూ పలుకుతున్నది. కానీ ఆ నాటి వ్యవస్థ ఏమైందో ఆలోచించదు.

1991లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం సెనేట్ స్థానంలో అకడమిక్ సెనేట్‌ను, సిండికేట్ స్థానంలో ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్‌ను తెచ్చింది. దానిలో కొందరు అధికారులు పదవిరీత్యా కూర్చుంటారు. మిగిలిన అధ్యాపకులు, ప్రిన్సిపాళ్లు, ప్రముఖులు ప్రభుత్వ నామినేషన్ మీద వస్తారు. ఎన్నికలు రాజకీయాలకు దారితీస్తున్నాయన్నది అప్పటి వాదన. రాజకీయం పోయిందా? ఎన్నికల్లో బహిరంగంగా జరిగేది నామినేషన్లలో మూసిన తలుపు వెనుక జరుగుతున్నది. ప్రభుత్వం మారినప్పుడల్లా వైస్ చాన్సలర్ల మీద రాజీనామా ఒత్తిడి రావడం, పాలకమండళ్లు మారిపోవడం మనం చూస్తూనే ఉన్నాము. కనుక ఇది ముస్లింల ఒక్కరి నష్టం కాదు. తన విశ్వవిద్యాలయాన్ని తాను నడుపుకునే హక్కు పోగొట్టుకున్న ప్రతి అధ్యాపకుడిదీ ఇదే నష్టం. ఈ పోరాటంలో వారే మనకు మొదటి మిత్రులు.

మండల పరిషత్తుకున్నది విశ్వవిద్యాలయానికి లేదా?

"చదువుల సభలో మతం ఎందుకండీ? అర్హత చాలదా?" అని అడిగేవారుంటారు. మంచి ప్రశ్నే. సమాధానం మన ఊరి మండల పరిషత్తు కార్యాలయంలోనే ఉన్నది.

1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం మండల పరిషత్తులో ఒక మైనారిటీ సభ్యుణ్ణి, జిల్లా పరిషత్తులో ఇద్దరిని కోఆప్ట్ చేసుకోవాలి. వారి అధికారం ఎంత అన్నది వేరే చర్చ. కానీ రోడ్డు, బోరు, పాఠశాల గోడ గురించి మాట్లాడే సభలో మైనారిటీ గొంతు ఒకటి ఉండాలని మన రాష్ట్రం ముప్పై ఏళ్ల క్రితమే అంగీకరించింది. 2006లో నివేదిక ఇచ్చిన సచార్ కమిటీ ఇతర రాష్ట్రాలు కూడా స్థానికసంస్థల విషయంలో ఆంధ్రప్రదేశ్ బాటలో చట్టాలు చేయవచ్చునని సిఫారసు చేసింది. దేశానికి ఆదర్శంగా చూపిన ఏర్పాటు మనది. అదే రాష్ట్రంలో, అదే ప్రభుత్వం నామినేట్ చేసే విశ్వవిద్యాలయ పాలకమండలికి ఆ సూత్రం ఎందుకు వర్తించదు? అక్కడ ఎన్నికల అడ్డంకి కూడా లేదు. నామినేట్ చేసే కలం ప్రభుత్వం చేతిలోనే ఉన్నది.

ఇక అర్హత మాట. అర్హత లేనివారిని కూర్చోబెట్టమని మేము ఎన్నడూ అడగలేదు, అడగము. అర్హత ఉన్నవారు కనిపించడం లేదా అన్నదే మా ప్రశ్న. యూజీసీ కూడా ఈ అవసరాన్ని గుర్తించింది. 2018 నాటి నిబంధనల్లో సెలెక్షన్ కమిటీ గురించి స్పష్టంగా ఉన్నది: అభ్యర్థుల్లో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీ, మహిళ, వికలాంగ వర్గాలవారు ఉండి, కమిటీ సభ్యుల్లో ఆ వర్గంవారు లేకపోతే, ఆ వర్గానికి చెందిన విద్యావేత్త ఒకరిని వైస్ చాన్సలర్ నామినేట్ చేయాలి. మంచి నిబంధన. కానీ ఆరు వర్గాలకు కలిపి కుర్చీ ఒక్కటి. ఆ కుర్చీలో ఎవరిని ఏ వర్గం తరపున కూర్చోబెట్టారో బయటివారికి చెప్పే కట్టుబాటు లేదు. పైగా ఈ ఏర్పాటు ఉద్యోగాల ఎంపికకే పరిమితం. విద్యార్థుల ఫిర్యాదులు వినే కమిటీ గురించి యూజీసీ 2023లో నిబంధనలు చేసింది. అందులో మహిళకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వర్గాలకు స్థానం రాశారు. ఆ కమిటీలో మైనారిటీ అన్న మాట లేదు. పండుగనాటి పరీక్ష గురించి ఆ అమ్మాయి ఫిర్యాదు చేయవలసి వస్తే వెళ్లవలసినది అలాంటి కమిటీకే.

కాగితం ఎంత పనిచేస్తుందో మనకు తెలియదా?

"ఒక్క సభ్యుడు ఉంటే మాత్రం ఏమి ఒరుగుతుంది?" అని మన వాళ్లే నిరుత్సాహపడతారు. కమిటీ పని సరిగా జరగకపోతే ఏమి పోతుందో ఈ రాష్ట్రంలో మనకన్నా బాగా తెలిసినవారు లేరు. 2004లో మనకు ఐదు శాతం రిజర్వేషన్ ఇస్తూ ఉత్తర్వు వచ్చింది. బీసీ కమిషన్‌ను సంప్రదించలేదన్న లోపం ప్రధానమై ఆ ఉత్తర్వు హైకోర్టులో నిలవలేదు. 2005లో చట్టం చేశారు. కమిషన్ అధ్యయనం జరిగిన పద్ధతి సరిగా లేదని అదీ కొట్టివేయబడింది. 2007లో పి.ఎస్. కృష్ణన్ గారి నివేదిక, కమిషన్ పరిశీలన తరువాత, వెనుకబడిన ముస్లిం వర్గాలను గుర్తించి నాలుగు శాతంతో కొత్త చట్టం తెచ్చారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దానినీ కొట్టివేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది కనుకనే నేటికీ మన పిల్లలు ఆ సీట్లలో చదువుతున్నారు. మన వెనుకబాటుతనం అబద్ధమని ఏ కోర్టూ అనలేదు. దానిని తేల్చిన పద్ధతినే పదేపదే ప్రశ్నించింది. కమిటీ అడగవలసిన ప్రశ్న అడగకపోతే, రాయవలసిన వాక్యం రాయకపోతే, ఒక తరం భవిష్యత్తు ఊగిసలాడుతుంది.

కొల్లేటివారికి ఈ సంగతి ఇంకా బాగా తెలుసు. 1999లో ఐదవ కాంటూరు వరకు సరస్సును అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో యంత్రాలు వచ్చి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టాయి. సరస్సును కాపాడవలసిందే, ఉప్పుటేరు పూడిపోతే, కొల్లేరు కుంచించుకుపోతే నష్టపోయేది ముందుగా ఆ పల్లెలవారే. కానీ కాంటూరు గీత ఎక్కడ గీయాలో తేల్చిననాడు, గీతకు లోపల పడేవారి మాట ఎవరు విన్నారు? గీత గీసే గదిలో లేనివారు గీత పడిన తరువాత ఎంత అరిచినా ఆక్రమణదారులుగానే రికార్డులకెక్కుతారు. విశ్వవిద్యాలయంలో మన స్థితి అంతకన్నా భిన్నంగా లేదు.

అలీగఢ్ చెప్పే రెండు పాఠాలు

అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం మైనారిటీ హోదా వివాదం మనందరికీ తెలిసినదే. కానీ ఆ వివాదం పుట్టింది ఒక పాలకసభలో ఎవరు కూర్చోవాలన్న ప్రశ్న నుంచి అన్నది చాలామందికి గుర్తు లేదు. అక్కడ కోర్టు అంటే న్యాయస్థానం కాదు; విశ్వవిద్యాలయపు అత్యున్నత పాలకసభ. 1920 నాటి చట్టంలో దాని సభ్యులందరూ ముస్లింలే కావాలని ఉండేది. 1951లో ఆ షరతు తీసివేశారు. 1965 ఏప్రిల్‌లో కోర్టు సమావేశం జరుగుతుండగానే విద్యార్థుల దాడిలో వైస్ చాన్సలర్ అలీ యావర్ జంగ్ గాయపడ్డారు. ఆ దౌర్జన్యం తరువాత ప్రభుత్వం చట్టం సవరించి కోర్టును కేవలం సలహాసభగా మార్చివేసింది. అధికారం ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్‌కు వెళ్లింది. ఈ సవరణలను సవాలు చేసినదే అజీజ్ బాషా కేసు. 1967లో సుప్రీంకోర్టు ఆ విశ్వవిద్యాలయాన్ని ముస్లింలు స్థాపించలేదన్నది. 1981లో పార్లమెంటు కోర్టు అధికారాన్ని తిరిగి ఇచ్చింది. 2024 నవంబరు 8న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నలుగురి మెజారిటీతో అజీజ్ బాషా తీర్పును తోసిపుచ్చి, హోదా సంగతి మరొక ధర్మాసనానికి వదిలింది.

మొదటి పాఠం: సభ కూర్పు మారితే సంస్థ స్వరూపమే మారుతుంది. ఆవేశంతో చేసిన ఒక్క దౌర్జన్యం ఆ మార్పుకు సాకు అవుతుంది.

రెండవ పాఠం మనకు చేదుగా ఉంటుంది. అక్కడ వైస్ చాన్సలర్ పదవికి ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ ఐదు పేర్లు, వాటిలో నుంచి కోర్టు మూడు పేర్లు ఎంపిక చేయాలి. విజిటర్‌గా ఉన్న రాష్ట్రపతి ఒకరిని నియమిస్తారు. 2023లో ఆ ఎంపిక సమావేశానికి తాత్కాలిక వైస్ చాన్సలర్ అధ్యక్షత వహించారు. అభ్యర్థుల్లో ఆయన సతీమణి ఉన్నారు. 2024లో ఆమే నియమితులై ఆ విశ్వవిద్యాలయపు మొదటి మహిళా వైస్ చాన్సలర్ అయ్యారు. ఆమె అర్హతను మేము ప్రశ్నించడం లేదు. ఒక మహిళ ఆ పీఠం ఎక్కడం సంతోషకరం. 2025లో అలహాబాద్ హైకోర్టు ఆ నియామకాన్ని సమర్థించింది. సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. చట్టం దృష్టిలో వ్యవహారం ముగిసింది. కానీ ఆ ఒక్క సమావేశానికి భర్త దూరంగా ఉండి ఉంటే ఆమె గౌరవానికి వచ్చే లోటేమిటి? ఈ ప్రశ్న అడగకుండా ఊరుకుంటే, ఇతరుల సభల గురించి మాట్లాడే నైతికబలం మనకుండదు.

మన ఇంటి దీపం

అందుకే ఈ వేలు మన వైపు కూడా చూపించుకోవాలి. రాజ్యాంగం 30వ అధికరణం మనకు విద్యాసంస్థలు స్థాపించి నడుపుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కు సముదాయానిది. కార్యదర్శి గారి కుటుంబానిది కాదు. మైనారిటీ బోర్డు తగిలించుకున్న సంస్థల్లో తండ్రి అధ్యక్షుడు, కొడుకు కార్యదర్శి, అల్లుడు కోశాధికారి అయిన చోట, పాతికేళ్లు పాఠం చెప్పిన అధ్యాపకురాలికి పాలకవర్గం సమావేశం ఎప్పుడు జరిగిందో కూడా తెలియని చోట, షూరా ఎక్కడున్నది? దివ్యఖురాన్‌లో సంప్రదింపు పేరుతో ఒక సూరాయే ఉన్నది. సంప్రదించి నడుచుకోవడం మనకు పశ్చిమదేశాలు నేర్పిన పద్ధతి కాదు. పదవి అమానత్ అని జుమా నాడు వింటాము. ఆ మాటను కమిటీ గదిలోకి తీసుకువెళ్లము.

మనం సరిగా నడుపుకోకపోతే ఇంకొకరు వచ్చి నడుపుతారు. పశ్చిమబెంగాల్‌లో ప్రభుత్వసహాయం పొందే మదరసాల్లో ఉపాధ్యాయుల్ని యాజమాన్య కమిటీలు కాక సర్వీస్ కమిషన్ ఎంపిక చేసే చట్టాన్ని 2020 జనవరిలో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ తీర్పుతో విభేదించవచ్చు. కానీ కమిటీల మీద నమ్మకం నిలుపుకున్న సముదాయానికి అలాంటి చట్టాలను ఎదుర్కొనే శక్తి ఎక్కువ.

ఏమి అడగాలి, ఏమి చేయాలి

మా కోరికలు నాలుగు. మొదటిది, రాష్ట్ర విశ్వవిద్యాలయాల పాలకమండలిలో, అకడమిక్ సెనేట్‌లో అర్హత కలిగిన మైనారిటీ విద్యావేత్తకు స్థానం చట్టంలో రాయాలి. పంచాయతీరాజ్ చట్టం దారి చూపింది. రెండవది, పాలకమండలిలోని అధ్యాపక ప్రతినిధులను అధ్యాపకులే ఎన్నుకోవాలి. మూడవది, సెలెక్షన్ కమిటీలో ఏ వర్గం తరపున ఎవరిని నామినేట్ చేశారో ఎంపిక ముగిసిన వెంటనే ప్రకటించాలి. నాలుగవది, పరీక్షల తేదీలు నిర్ణయించే ప్రతి కమిటీ ముందు నెలవంకను బట్టి మారే పండుగల పట్టిక ఉండాలి. ప్రభుత్వం సెలవు మార్చిననాడు పరీక్ష దానంతటదే మారాలి. ఈ నాలుగవదానికి ఖర్చు ఒక్క కాగితం.

అడగడంతో మన పని తీరదు. సమాచారహక్కు చట్టం 2005లోని సెక్షన్ 4(1)(బి) ప్రకారం ప్రతి ప్రభుత్వసంస్థ తన కమిటీలు, మండళ్లు ఏవో, వాటి సమావేశాలకు ప్రజలు రావచ్చునో లేదో, మినిట్స్ చూడవచ్చునో లేదో ఎవరూ అడగకముందే ప్రకటించాలి. ప్రకటించకపోతే తెల్లకాగితం మీద దరఖాస్తు పెట్టండి. ముప్పై రోజుల్లో సమాధానం రావాలి. రాకపోతే అప్పీలు చేయండి. దరఖాస్తు రాయడం రాకపోతే మావంటి విశ్రాంత గుమాస్తాలు ప్రతి ఊరిలో ఉన్నారు. పింఛను తీసుకుని ఖాళీగా కూర్చున్నాము, వాడుకోండి.

మరొక దారి ఉన్నది. స్వయంప్రతిపత్తి కలిగిన కళాశాలల బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ప్రతిభావంతులైన పూర్వవిద్యార్థి ఒకరికి స్థానం ఉంటుంది. పి.జి. పూర్తిచేసి మంచి స్థానాల్లో ఉన్న మన అబ్బాయిలు, అమ్మాయిలు ఎంతమంది ప్రిన్సిపాల్ గారిని కలిసి "మేము వచ్చి కూర్చుంటాము" అన్నారు? "అర్హులు దొరకడం లేదు" అన్న మాటకు జవాబు ఆవేశం కాదు, జాబితా. పి.హెచ్‌డి. చేసినవారు, అధ్యాపకులు, విశ్రాంత ఆచార్యులు, ఇంజనీర్లు ఎవరెవరున్నారో ప్రతి జమాఅత్, ప్రతి సంఘం పేర్లు రాసి పెట్టుకోవాలి. ఆ జాబితాలో సగం మన ఆడపిల్లల పేర్లు ఉండాలి. చదువులో వారు ముందున్నారన్నది మన ఇళ్లలోనే కనిపిస్తున్న నిజం.

ఆ కొల్లేటి తండ్రికి ఆనాడు మేము సరైన సమాధానం చెప్పలేకపోయాము. "కమిటీకి ఇల్లుండదు బాబూ" అని నవ్వి ఊరుకున్నాము. ఆ నవ్వు ఇప్పటికీ మమ్మల్ని సిగ్గుపెడుతున్నది. ఆయన అడిగిన ప్రశ్న సరైనదే. కమిటీ అంటే మనుషులే. వారికి పేర్లున్నాయి, ఒక గది ఉన్నది, ఒక తేదీ ఉన్నది, ఒక మినిట్స్ పుస్తకం ఉన్నది. ఆ గది తలుపు మీద మనం తట్టలేదు. ఈసారి ఆయన వస్తే చిరునామా రాసి ఇస్తాము. ఇన్‌షా అల్లాహ్, తోడు కూడా వెళతాము. బతిమాలడానికి మాత్రం వెళ్లము.